కాగితం మీద ఉన్న ద్వారం

సలోమి ఉద్యోగం పేరు హెల్త్‌కేర్ అసిస్టెంట్. పేరు పొడుగే కాని హోదా పొట్టి. బాలింతలకు టీ ఇవ్వాలి, టోస్టు ఇవ్వాలి, దుప్పట్లు మార్చాలి, చంటిబిడ్డల నాపీలు మార్చాలి, ఒంటి వేడి చూసి కాగితం మీద రాయాలి. ఆ వేడి ఎక్కువో తక్కువో చెప్పడం మాత్రం ఆమె పని కాదు. అది చెప్పడానికి చదువుకున్నవాళ్ళు వేరే ఉన్నారు.

పాలకొల్లు దగ్గర ఒక మిషన్ ఆసుపత్రిలో ఆమె పద్నాలుగేళ్ళు పురుళ్ళు పోసింది. కరెంటు లేనప్పుడు పోసింది, డాక్టరు లేనప్పుడు పోసింది, రెండూ లేనప్పుడూ పోసింది. భర్త సుందర్‌రాజ్ కంప్యూటర్ ఉద్యోగం మీద ఇంగ్లండ్ వస్తే వెంట వచ్చింది. ఇక్కడ నర్సుగా పేరు నమోదు కావాలంటే ఇంగ్లీషు పరీక్షలో ప్రతి భాగంలోనూ ఏడు రావాలి. వినడంలో ఎనిమిది వచ్చింది, మాట్లాడటంలో ఏడున్నర, చదవడంలో ఏడు. రాయడంలో మాత్రం మూడుసార్లూ ఆరున్నరే. మూడోసారి ఇచ్చిన వ్యాసం, నగరాల్లో సైకిళ్ళ వాడకం వల్ల లాభనష్టాలు. సైకిళ్ళ వల్ల నష్టమేమిటో ఆమెకు ఎంత ఆలోచించినా తట్టలేదు. ఆ అర మార్కుతో, సలోమికి పురుడు పోయడం రాదని ఇంగ్లండ్ దేశం తేల్చేసింది.

ఆసుపత్రి షెఫీల్డ్‌కు బస్సులో ముప్పావుగంట దూరంలో ఒక చిన్న ఊళ్ళో ఉంది. అక్కడి ప్రసూతి వార్డులో అన్నీ 'లవ్లీ'గా ఉండేవి. బిడ్డ లవ్లీ, పాలు లవ్లీ, కుట్లు లవ్లీ. కిటికీ అవతల మూడు రోజులుగా పట్టిన ముసురు కూడా మొక్కలకు లవ్లీయే. కొత్తలో సలోమి దాన్ని మెచ్చుకోలు అనుకుని మురిసిపోయేది. తర్వాత తెలిసింది, అది తుమ్ములాంటిది, దానంతటదే వస్తుందని.

2016 మార్చి పదిహేను, మంగళవారం ఉదయం పదింటికి ఆ వార్డులో మనస్విని అనే వరంగల్ అమ్మాయికి మగబిడ్డ పుట్టాడు. భర్త సుహాస్ షెఫీల్డ్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నాడు. ఇరవై ఆరేళ్ళవాడు. ఏ సమస్యనైనా ముందు ఫోన్‌లో వెతికి, ఆ తర్వాత భయపడేవాడు. వార్డులో తెలుగు మాట వినగానే మనస్విని సలోమిని 'అక్కా' అని పిలిచింది. సుహాస్ 'ఆంటీ' అన్నాడు. సలోమి ఇద్దరినీ క్షమించింది.

పుట్టిన ప్రతి బిడ్డనూ మొదటి మూడు రోజుల్లో డాక్టరు తల నుంచి పాదం దాకా పరీక్షించాలి. ఆ పరీక్ష సాయంత్రం డాక్టర్ ఆలివర్ చేశాడు. అతను పిల్లల విభాగానికి వచ్చి ఆరు వారాలయింది. ఆ రోజు అతనికి మనస్విని కొడుకు పంతొమ్మిదో బిడ్డ. కళ్ళలోకి లైటు వేసి చూశాడు, గుండె విన్నాడు, తుంటి కీళ్ళు తిప్పి చూశాడు, నోట్లో వేలు పెట్టి అంగిలి తడిమాడు. ఇంతలో పేజర్ మోగింది. నాపీ ఒక పక్క విప్పి, మళ్ళీ అంటించేసి, కాగితం మీద వరసగా టిక్కులు పెట్టాడు. గుండె, టిక్కు. కీళ్ళు, టిక్కు. మలద్వారం తెరుచుకుని ఉంది, టిక్కు. బిడ్డ దొడ్డికి వెళ్ళాడా అని అడిగితే, ఏదో ఆకుపచ్చగా కనబడిందని మనస్విని చెప్పింది. పుట్టిన బిడ్డ మొదటి దొడ్డి ఆ రంగులోనే ఉంటుంది కాబట్టి దానికీ ఒక టిక్కు పడింది.

బుధవారం మధ్యాహ్నానికి బిడ్డ పాలు మానేశాడు.

"అక్కా, వీడు పాలు తాగుతలేడు. పొద్దున రెండుసార్లు కక్కిండు. కడుపు గట్టిగైంది. గిట్లనే ఉంటదా?" అని మనస్విని అడిగింది.

అప్పటికే అదే ప్రశ్నను ఆమె పురుళ్ళు పోసే మిడ్‌వైఫ్‌లు ఇద్దరిని ఇంగ్లీషులో అడిగింది. మొదటి కాన్పు తల్లులు ఊరికే కంగారు పడతారని ఒకరు, బిడ్డ లవ్లీగా ఉన్నాడని మరొకరు చెప్పారు. మంచాలు చాలక కారిడార్‌లో ఇద్దరు బాలింతలు చక్రాల కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. అందుకని మనస్వినిని మూడింటికల్లా ఇంటికి పంపేయాలని కూడా నిర్ణయమైపోయింది.

సలోమి బిడ్డ పొట్ట మీద చెయ్యి వేసింది. ఢోలు మీద వేసినట్టుంది. నాపీ విప్పింది. ముందు వైపు, ఉచ్చతో తడిసిన చోట, ఆకుపచ్చ మరక ఉంది. వెనక వైపు కొన్నప్పటి తెలుపులోనే ఉంది. దొడ్డి ముందు నుంచి రావడం ఏమిటి? ఆమె బిడ్డ రెండు కాళ్ళూ ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, పిరుదులు విడదీసి, కిటికీ వెలుతురులో చూసింది. ఉండాల్సిన చోట చిన్న సొట్ట ఉంది. పైపైన చూసేవాడికి సరిపోయేటంత సొట్ట. దాని కింద ద్వారం లేదు. చర్మం మూసుకుపోయి ఉంది.

పద్నాలుగేళ్ళలో ఇలాంటి బిడ్డల్ని ఆమె నలుగురిని చూసింది. ముగ్గుర్ని మొదటి రోజే కాకినాడ పంపారు, బతికారు. నాలుగో బిడ్డను ఊళ్ళోవాళ్ళు ఐదో రోజున తీసుకొచ్చారు. ఆ బిడ్డ సంగతి ఆమె ఎవరికీ చెప్పదు.

"ఏమైందక్కా?" అంది మనస్విని.

"ఏం లేదమ్మా, ఇప్పుడే వత్తాను," అని నాపీ మడిచి పట్టుకుని వెళ్ళింది.

వార్డు సిస్టర్ కరెన్ బల్ల దగ్గర ఫోన్‌లో మంచాల లెక్క చెబుతోంది. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న మిడ్‌వైఫ్, మంచి మనిషి, ఎవరినైనా 'లవ్' అనే పిలుస్తుంది. సలోమి నాపీ చూపించి విషయం చెప్పింది.

"థాంక్యూ లవ్," అంది కరెన్, నాపీ వంక కాక కంప్యూటర్ వంక చూస్తూ. "నిన్ననే డాక్టరు చూశాడుగా. తెరుచుకునే ఉందని టిక్కు ఉంది."

"టిక్కు ఉంది. ద్వారం లేదు."

"సలోమీ," కరెన్ గొంతు ఇంకా మెత్తబడింది. ఆ దేశంలో గొంతు ఎంత మెత్తబడితే మాట అంత గట్టిదని సలోమికి అప్పటికి తెలుసు. "నువ్వు రోగనిర్ధారణ చేయకూడదు కదా. అది నీ పరిధి కాదు. అవునా లవ్?"

సలోమి అవునంది. వెళ్ళి డాక్టర్ ఆలివర్‌ని వెతికి పట్టుకుంది. అతను మందుల గది ముందు నిలబడి అరటిపండు తింటున్నాడు. బహుశా అది ఆ రోజు అతని మొదటి భోజనం. చెప్పిందంతా ఓపిగ్గా విని, బిడ్డ దగ్గరికి వెళ్ళకుండా బిడ్డ ఫైలు దగ్గరికి వెళ్ళాడు. తన టిక్కును తానే చూసుకున్నాడు. అది తన చేతిరాతే. తన చేతిరాత మీద నమ్మకం లేనివాడు డాక్టరు ఎలా అవుతాడు?

"నేను చూశాను," అన్నాడు. "దొడ్డికి కూడా వెళ్ళాడు, చూడండి, ఇక్కడ రాసి ఉంది."

"మళ్ళీ ఒక్కసారి చూడండి డాక్టర్. అర నిమిషం."

"డిశ్చార్జ్ అయ్యాక ఇంటికి మిడ్‌వైఫ్ వస్తుందిగా. ఏమన్నా ఉంటే ఆమె చూస్తుంది," అని అతను తొక్క చెత్తబుట్టలో వేసి, మోగుతున్న పేజర్ వెంట పరిగెత్తాడు.

కాగితం మీద ఆ బిడ్డకు అన్నీ ఉన్నాయి. బిడ్డ దురదృష్టం, వాడు కాగితం మీద పుట్టలేదు.

రెండున్నర అయింది. సలోమి టీ బండి దగ్గర రెండు నిమిషాలు నిలబడింది. ఆమె చేతిలో ఉన్నవి నాలుగు టీ కప్పులు, ఒక ఉద్యోగం. వైద్య విషయాలు కుటుంబాలతో మాట్లాడకూడదని ఆమె సంతకం పెట్టిన కాగితంలోనే ఉంది. నోరు మూసుకుని కప్పులు పంచితే ఎవరూ ఏమీ అనరు. ఇంటికి వెళ్ళాక ఆ బిడ్డ పేగు చిట్లితే, అప్పుడు కూడా ఆమెను ఎవరూ ఏమీ అనరు. టిక్కు ఆమెది కాదు కదా. ఆ ఆలోచనకే ఆమెకు ఒళ్ళు మండిపోయింది. టీ బండిని అక్కడే గోడకు ఆనించి, మనస్విని మంచం దగ్గరికి వెళ్ళి తెర లాగింది.

సుహాస్ అప్పటికే బిడ్డను చేత్తో మోసుకెళ్ళే చిన్న కారు సీట్లో పెట్టి బెల్టు కడుతున్నాడు.

"బాబూ, బిడ్డని ఇంటికి తీసుకెళ్ళకండి," అంది సలోమి. "వీడికి దొడ్డి వచ్చే దారి లేదు. వెంటనే పెద్ద డాక్టరు చూడాలి, ఆపరేషన్ చెయ్యాలి."

మనస్విని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. సుహాస్ నిటారుగా నిలబడ్డాడు.

"ఏం మాట్లాడుతున్నరాంటీ? డాక్టర్ చూసి అంతా మంచిగుందన్నడు. ట్యాక్సీ కూడా వస్తున్నది. మీరు..." అని ఆగాడు. మీరు టీ ఇచ్చేవాళ్ళు కదా అనే మాట పెదాల దాకా వచ్చి మర్యాదకు ఆగిపోయింది. కాని సలోమికి వినబడనే వినబడింది.

"అవును బాబూ, నేను టీ ఇత్తాను. నన్ను నమ్మొద్దు. నీకు కళ్ళున్నాయి కదా, నువ్వే చూడు."

బెల్టు విప్పి, బిడ్డను మంచం మీద పడుకోబెట్టి, నాపీ తీసి కాళ్ళెత్తి పట్టుకుంది. సుహాస్ వంగి చూశాడు. మొదట అతనికి ఏమీ తెలియలేదు. ఇంకాస్త వంగాడు. ఫోన్‌లో లైటు వేయమని ఆమె అంటే, వేశాడు. లైటు ఇంకా దగ్గరికి తెచ్చాడు.

"లేదు," అన్నాడు. "మనూ, లేదు."

సరిగ్గా అప్పుడే బిడ్డ మళ్ళీ కక్కాడు. ఈసారి పాలు కాదు, పసరులా పచ్చగా ఉంది.

"ఇప్పుడేం జెయ్యాలె ఆంటీ?" ఆ 'ఆంటీ'లో ఇందాకటి బిరుసు లేదు.

"బల్ల దగ్గరికెళ్ళు. అరవకు. అరిత్తే సెక్యూరిటీ వత్తాడు. 'ఐ యామ్ నాట్ హ్యాపీ' అను. 'కన్సల్టెంట్ చూసేదాకా మేం కదలం' అను. మళ్ళీ 'ఐ యామ్ నాట్ హ్యాపీ' అను. ఈ దేశంలో ఆ మాటకి ఉన్న బలం దేనికీ లేదు."

"గంతేనా?"

"అంతే. నవ్వకుండా అనాలి."

సుహాస్ వెళ్ళాడు, నవ్వకుండా అన్నాడు. ఒక బిడ్డకు దారి లేదని ఒక మనిషి చెబితే కదలని వార్డు, ఒక కస్టమర్ సంతోషంగా లేడని తెలియగానే కుర్చీల్లోంచి లేచింది. పది నిమిషాల్లో పెద్ద డాక్టరు, అంటే కన్సల్టెంట్, వచ్చాడు.

ఆయన పేరు గోవిందరాజులు. వార్డులో అందరికీ డాక్టర్ గోవింద్. చిత్తూరు జిల్లా నుంచి ముప్పై ఏళ్ళ కిందట వచ్చాడు. నాలుగేళ్ళుగా రోజూ ఎదురుపడుతున్నా సలోమితో ఒక్క తెలుగు ముక్క మాట్లాడలేదు. వాతావరణం గురించి ఇంగ్లీషులో ఒక మాట, అంతే. ఆయన బిడ్డ కాళ్ళు ఎత్తి చూశాడు. పది సెకన్లు పట్టిందేమో. పొట్ట నొక్కి చూశాడు, ఆకుపచ్చ నాపీ చూశాడు. తల ఎత్తకుండా, వెనక నిలబడి ఉన్న ఆలివర్‌ను షెఫీల్డ్ పిల్లల ఆసుపత్రి సర్జన్‌కు ఫోన్ కలపమన్నాడు. పాలు ఆపమని, ముక్కులోంచి గొట్టం వేసి కడుపు ఖాళీ చేయమని, సెలైన్ పెట్టమని చెప్పాడు. పేగుకూ ఉచ్చ దారికీ మధ్య సన్నటి సందు ఉందని, ఆకుపచ్చ రంగు అందులోంచే వస్తోందని, ఇది పుట్టుకతో వచ్చిన లోపమని, ఆపరేషన్లతో సరిచేస్తారని మనస్వినికి నెమ్మదిగా ఇంగ్లీషులో చెప్పాడు. మనస్విని తల ఊపింది. ఆమెకు ఒక్క ముక్క కూడా తలకెక్కలేదు. ఆయన అదంతా తెలుగులో మళ్ళీ చెప్పాడు. కరెన్ ఆశ్చర్యంగా చూసింది.

అంబులెన్స్ వెళ్ళిపోయాక కారిడార్‌లో ఆయన సలోమి పక్కన ఆగాడు.

"ఎవురు జూసింది దీన్ని? నువ్వేనా?"

"అవునండి."

"యాడ పంజేసినావు ముందు?"

చెప్పింది.

"పొద్దు గూకేదాంకా ఆగింటే పేగు పగిలిపోయేదమ్మా," అన్నాడు. అని, ఎవరో వస్తుంటే, ఈ వాన ఎప్పటికి తగ్గేనో అని ఇంగ్లీషులోకి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే షెఫీల్డ్‌లో బిడ్డకు మొదటి ఆపరేషన్ చేశారు. పొట్ట పక్కన దారి చేసి, దానికి ఒక చిన్న సంచి తగిలించారు. దొడ్డి అందులోకి వస్తుంది. గుండె చూశారు, వెన్నెముక చూశారు, కిడ్నీలు చూశారు. ఒక కిడ్నీ కాస్త చిన్నది, తక్కినవన్నీ బాగున్నాయన్నారు.

ఇక వైద్యం డాక్టర్ల చేతుల్లో ఉంది కాబట్టి, కారణం వెతికే పనికి తక్కినవాళ్ళంతా పూనుకున్నారు. మనస్విని తల్లి ఫోన్‌లో, ఆ నెల తొమ్మిదో తారీఖు గ్రహణం నాడు కూరగాయలు కోశావా అని అడిగింది. ఆ గ్రహణం ఇంగ్లండ్‌లో కనబడనే లేదని మనస్విని చెప్పింది. కనబడకపోయినా తగులుతుందట. లండన్ పక్క ఇల్ఫర్డ్‌లో ఉన్న ఒక దూరపు బంధువు ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకోవడం వల్లనని తేల్చాడు. సలోమి వెళ్ళే తెలుగు ప్రార్థన కూటంలో ఫ్రెడీ అంకుల్, పేర్లు చెప్పకుండానే అందరికీ తెలిసేలా, తల్లిదండ్రుల పాపాల కోసం పావుగంట కన్నీళ్ళతో ప్రార్థన చేశాడు. ఆ కన్నీళ్ళ మధ్యే, ప్రార్థన తర్వాత బిర్యానీ ఉందని కూడా ప్రకటించాడు. సలోమి ఆ రోజు బిర్యానీ తినకుండా లేచి వచ్చింది. ఆ ఆదివారం ఆమె చేసిన భక్తి అదొక్కటే.

మూడు వారాలకు ఆసుపత్రిలో 'పాఠాలు నేర్చుకునే సమావేశం' పెట్టారు. బిస్కెట్లు రెండు రకాలు పెట్టారు. పై ఆఫీసు నుంచి వచ్చిన ఒకావిడ నివేదిక చదివింది. 'డిశ్చార్జికి ముందు వార్డు బృందం సమస్యను సకాలంలో గుర్తించింది' అని అందులో ఉంది. బృందం అంటే ఎవరో అందులో లేదు. రెండో పేజీలో మాత్రం ఒక మనిషి గురించి వివరంగా ఉంది. ఒక హెల్త్‌కేర్ అసిస్టెంట్ తన పరిధి దాటి కుటుంబంతో వైద్య విషయాలు మాట్లాడటం ఆందోళనకరమని, ఆమెకు సంభాషణా నైపుణ్యాల్లో శిక్షణ అవసరమని రాశారు. పేరు రాయలేదు. వార్డులో ఆ ఉద్యోగం చేసే తెలుగు మనిషి ఒక్కతే కాబట్టి పేరుతో పని లేకపోయింది.

సలోమి బిస్కెట్ వంకే చూస్తూ కూర్చుంది. ఏం మాట్లాడినా ఏడుపు వచ్చేస్తుందని ఆమె భయం. ఆ ఏడుపు అవమానంతో వచ్చినా, వీళ్ళు దాన్ని పశ్చాత్తాపం అనుకుంటారు.

"అది నిజం కాదు," అంది ఎవరో. కరెన్. మొహం ఎర్రగా ఉంది. "బృందం ఏమీ గుర్తించలేదు. సలోమి గుర్తించింది. నాపీ తెచ్చి నా ముందు పెట్టింది. నేను కంప్యూటర్ చూశాను, నాపీ చూడలేదు. నీ పరిధి కాదు అన్నాను. అదీ రాసుకోండి."

పై ఆఫీసు ఆవిడ, మనసులో మాట పంచుకున్నందుకు థాంక్యూ అంది.

"నేను పంచుకోవడం లేదు. రాసుకోమంటున్నాను."

ఒక మూల నుంచి ఆలివర్ కూడా చెయ్యెత్తాడు. సలోమి తన దగ్గరికీ వచ్చిందని, తాను ఫైలు చూసి పంపేశానని చెప్పాడు. ఆ రాత్రంతా నిద్ర పట్టలేదని చెప్పబోతే, అది నివేదికకు అవసరం లేదన్నారు. రెండో పేజీలోంచి ఆ పేరా తీసేశారు. సలోమిని మెచ్చుకుంటూ కొత్త పేరా మాత్రం రాయలేదు, దానికి ఆ ఫారంలో చోటు లేదట. శిక్షణకు పంపడం మానలేదు, అప్పటికే బుక్ చేశారు కాబట్టి. సలోమి వెళ్ళి, ఎదుటివాళ్ళ మాట శ్రద్ధగా వినడం ఎలాగో ఒక పూటంతా నేర్చుకుని వచ్చింది.

ఆ వారంలోనే ఆలివర్ ఒక మధ్యాహ్నం ఆమె దగ్గరికి వచ్చి, ఎలా చూడాలో చూపించమని అడిగాడు. ఆమె ఒక బిడ్డ కాళ్ళు ఎత్తి, రెండు బొటనవేళ్ళతో విడదీసి, వెలుతురు ఎటు పడాలో చూపించింది. సొట్ట చూసి మోసపోవద్దంది. అప్పటి నుంచి అతని జేబులో ఎప్పుడూ చిన్న టార్చి ఉండేది.

జూన్‌లో బిడ్డకు రెండో ఆపరేషన్ చేసి ద్వారం అమర్చారు. అక్టోబరులో మూడోది చేసి సంచి తీసేశారు. మధ్య నెలల్లో ఆ సంచి మార్చడం సుహాస్ ఎంత నేర్చుకున్నాడంటే, ఇంటికి వచ్చే నర్సుకే మెళకువలు చెప్పేవాడు. పిల్లవాడికి తాత పేరు కలిసేలా శివ అని పెట్టారు. వరంగల్‌లో సుహాస్ వాళ్ళకు మాత్రం 'గ్యాస్ ప్రాబ్లం' అని చెప్పారు. ఆ మాట ఎన్నుకున్నది మనస్విని తల్లి. పది నెలల పాటు, మూడు ఆపరేషన్ల పాటు, అది గ్యాసే.

చదువు అయిపోయి, వీసా గడువు దగ్గరపడి, జనవరి చివర్లో వాళ్ళు ఇండియా బయలుదేరే ముందు ఆదివారం సలోమిని భోజనానికి పిలిచారు. షెఫీల్డ్‌లో రెండు గదుల ఫ్లాట్. సగం సామాను అట్టపెట్టెల్లో ఉంది. శివ ఆ పెట్టెలు పట్టుకుని నిలబడుతూ, పడుతూ తిరుగుతున్నాడు.

"అక్కా, ఇంక వీడు మొత్తం మంచిగైనట్టేనా?" అని మనస్విని అడిగింది. "డాక్టర్లు అన్నీ లవ్లీ అంటున్నరు. నువ్వు నిజం చెప్పు."

సలోమి పళ్ళెం పక్కన పెట్టింది. "బతుకుతాడమ్మా, ఆడతాడు, చదువుతాడు. కాని దొడ్డి మీద పట్టు రావడం ఆలస్యమవుద్ది. నాలుగేళ్ళు, ఐదేళ్ళు పట్టచ్చు. ఒక్కోసారి గట్టిపడిపోద్ది, ఒక్కోసారి తెలీకుండా అయిపోద్ది. బళ్ళో కూడా అవ్వచ్చు. కొట్టకండి, తిట్టకండి. వాడి తప్పు కాదు. హైదరాబాద్‌లో పిల్లల సర్జన్‌కి తప్పకుండా చూపిత్తా ఉండండి. ఆ కిడ్నీ సంగతి మర్చిపోకండి."

"మా ఇంట్ల ఎట్ల చెప్పాలె?" అన్నాడు సుహాస్.

"గ్యాస్ అని చెప్తే, రేపు వాడి లాగు పాడైనప్పుడు మీ వాళ్ళు ఏమనుకుంటారు బాబూ? పిల్లోడిదే తప్పనుకుంటారు."

సుహాస్ ఫోన్ తీసి, అక్కడే, వాళ్ళిద్దరి ముందే తండ్రికి చేశాడు. స్పీకర్ పెట్టాడు. అవతల సదాశివం గొంతు, వెనక టీవీ శబ్దం.

"నాన్నా, శివకు గ్యాస్ కాదు," అని మొదలుపెట్టాడు. పుట్టినప్పుడు ద్వారం లేదని, సంచి పెట్టారని, మూడు ఆపరేషన్లని, అంతా చెప్పాడు. మధ్యలో అవతల టీవీ ఆగిపోయింది.

"ఇప్పుడు వస్తున్నదా?" అన్నాడు సదాశివం.

"వస్తున్నది నాన్నా. రోజుకు ఆరుసార్లు."

"ఆరుసార్లు!" అన్నాడు ముసలాయన. "మరి గీ ముచ్చట జెప్పనీకి పది నెలలు పట్టిందారా నీకు? మా అయ్యకు నేనొక్కన్నే కొడుకును, నాకు నువ్వొక్కనివి, వాడు... వాడు ఏడున్నడు? ఫోన్ వానికియ్యి."

సుహాస్ ఫోన్‌ను పిల్లవాడి చెవి దగ్గర పెట్టాడు. తాత అవతల ఏదేదో మాట్లాడుతున్నాడు, ముక్కు చీదుకుంటున్నాడు, మళ్ళీ మాట్లాడుతున్నాడు. శివ అట్టపెట్టె పట్టుకుని నిలబడి, మొహం ఎర్రగా చేసుకుని, ఊపిరి బిగబట్టి, ఏకాగ్రతగా ఏదో పనిలో మునిగిపోయాడు.

"మనూ," అన్నాడు సుహాస్, "ఏడోసారి."